కప్పు గెలవడం వేరు, లీగ్ గెలవడం వేరు: 1934–38 ఐదు సీజన్ల లెక్క

కలకత్తా ఫుట్‌బాల్ లీగ్ 1898లో మొదలైంది. ఆసియాలో ఇంతకన్నా పాత లీగ్ లేదు. 1933 సీజన్ ముగిసేసరికి దానికి 36 ఏళ్లు నిండాయి. ఆ 36 ఏళ్లలో ఫస్ట్ డివిజన్ టైటిల్ గెలిచిన భారతీయ క్లబ్బుల సంఖ్య సున్నా. ఆ తర్వాత 1934 నుంచి 1938 దాకా వరుసగా ఐదు టైటిళ్లు ఒకే భారతీయ క్లబ్బుకు దక్కాయి. ఆ క్లబ్బు మహమ్మడన్ స్పోర్టింగ్.

ఆ క్లబ్బు అంత ఊపు మీద ఉన్న 1937లో దాన్ని ఓ పెద్ద ఫైనల్లో ఓడించిన జట్టు బెంగళూరుది. నిమ్మనపల్లె, మదనపల్లె, పుంగనూరు, కుప్పం వాళ్లకు బెంగళూరు ఎంత దగ్గరో చెప్పక్కర్లేదు. మదనపల్లె నుంచి సుమారు 120 కిలోమీటర్లు, కుప్పం నుంచి రైల్లో వంద కిలోమీటర్లకు అటూ ఇటూ. మన ప్రాంతానికి హైదరాబాద్ కన్నా ముందు కనిపించే ఫుట్‌బాల్ నగరం అదే.

రెండు ప్రపంచ యుద్ధాల మధ్య కాలంలో జరిగిన ఈ ఐదు సీజన్ల లెక్క చూస్తే, ఒక క్లబ్బు బలం దేనివల్ల వస్తుందో, ఆ బలాన్ని ఏ కొలతతో చూడాలో తెలుస్తుంది. మన పిల్లల ఆటకు ఇప్పుడు ఏం కావాలో కూడా తెలుస్తుంది.

36 ఏళ్లు సున్నా ఎందుకు?

భారతీయులకు ఆట రాక కాదు. 1911 జులై 29న కలకత్తాలోని మోహన్ బగాన్ జట్టు ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్‌ను 2–1తో ఓడించి ఐఎఫ్ఏ షీల్డ్ గెలిచింది. ఆ పదకొండు మందిలో పది మంది ఉత్తకాళ్లతో ఆడారు. దేశమంతా పండగ చేసుకున్న విజయం అది.

షీల్డ్ నాకౌట్ టోర్నమెంటు. భారతీయ జట్లు అందులో ఆడగలిగాయి. లీగ్ తలుపు మాత్రం అంత తేలిగ్గా తెరుచుకోలేదు. షీల్డ్ గెలిచిన మోహన్ బగాన్‌కే 1914లో గానీ రెండో డివిజన్‌లో చోటు దొరకలేదు. 1915లో ఫస్ట్ డివిజన్‌కు వచ్చింది. అక్కడ ఇంకో అడ్డు: ఫస్ట్ డివిజన్‌లో రెండుకు మించి భారతీయ క్లబ్బులు ఉండకూడదన్న నియమం. 1925లో ఈస్ట్ బెంగాల్ క్లబ్బు వచ్చేదాకా ఆ గీత చెరగలేదు.

మిగతా జట్లేమో బ్రిటిష్ రెజిమెంట్లు, కలకత్తా ఎఫ్‌సీ, డల్హౌసీ లాంటి యూరోపియన్ల క్లబ్బులు. 1931, 1932, 1933 మూడేళ్లూ టైటిల్ డర్హమ్ లైట్ ఇన్‌ఫాంట్రీదే. సైనికులకు తిండి, వ్యాయామం, రోజువారీ సాధన అన్నీ కొలువులో భాగమే. ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రం పూట ఆడే మనవాళ్లు ఒక రోజు వాళ్లను ఓడించవచ్చు. సీజన్ పొడవునా ఓడించాలంటే మాత్రం ఆ ఒక్క రోజు పట్టుదల సరిపోదు.

లెక్కలో తేడా ఎక్కడుంది?

ఎనిమిది జట్లతో నాకౌట్ పెడితే మొత్తం 7 మ్యాచ్‌లు. నాలుగు జట్లు ఒక్క మ్యాచ్ ఆడి ఇంటికి వెళ్లిపోతాయి. కప్పు గెలిచే జట్టు కూడా ఆడేది 3 మ్యాచ్‌లే. అవే ఎనిమిది జట్లు ఒకదానితో ఒకటి రెండేసిసార్లు ఆడితే మొత్తం 56 మ్యాచ్‌లు. ప్రతి జట్టుకూ 14.

ఇప్పుడు ప్రతి పదింటిలో ఆరు మ్యాచ్‌లు గెలవగల ఒక మంచి జట్టును తీసుకుందాం. నాకౌట్‌లో వరుసగా మూడూ గెలిచే అవకాశం 0.6 × 0.6 × 0.6. అంటే 0.216. అందరికన్నా మెరుగైన జట్టుకు కూడా కప్పు దక్కేది ఐదుసార్లలో ఒకసారి. లీగ్‌లో ఒక చెడ్డ రోజు వస్తే పోయేది ఆ రోజు పాయింట్లే. మిగతా 13 మ్యాచ్‌లు ఉంటాయి. అందుకే లీగ్‌లో అదృష్టం వాటా తగ్గి, సాధన వాటా పెరుగుతుంది.

అదే కాలంలో ఇంగ్లండ్‌లో జరిగిన ఒక సీజన్ దీనికి మంచి ఉదాహరణ. 1930–31లో లండన్‌లోని ఆర్సెనల్ క్లబ్బు తొలిసారి లీగ్ ఛాంపియన్ అయింది. 42 మ్యాచ్‌లు ఆడి 28 గెలిచింది, 10 డ్రా చేసుకుంది, 4 ఓడింది. గెలిస్తే 2 పాయింట్లు, డ్రా అయితే 1 ఇచ్చే రోజులవి. 28 × 2, పైన 10, మొత్తం 66 పాయింట్లు. రెండో స్థానంలో ఉన్న ఆస్టన్ విల్లాకు 59.

గోల్స్ చూస్తే విల్లాయే ముందుంది. విల్లా 128 గోల్స్ కొట్టింది, ఆర్సెనల్ 127. కానీ విల్లా 78 గోల్స్ ఇచ్చుకుంది, ఆర్సెనల్ 59 మాత్రమే. రెండు జట్ల మధ్య 7 పాయింట్ల తేడాకు మూలం ఈ 19 గోల్స్‌లోనే ఉంది.

ఇంకో అంకె ఇంతకన్నా గొప్పది. ఆర్సెనల్ సొంత మైదానంలో 21 మ్యాచ్‌లు ఆడితే 14 గెలుపులు, 5 డ్రాలు, 2 ఓటములు. బయట ఊళ్లలో ఆడిన 21 మ్యాచ్‌లలోనూ సరిగ్గా అవే: 14, 5, 2. సొంత జనం అరుపులున్నా లేకున్నా ఒకే ఆట. పద్ధతి మీద నిలబడిన జట్టంటే ఇది.

ఆ పద్ధతికి కారకుడు మేనేజర్ హెర్బర్ట్ చాప్‌మన్. 1925లో ఆఫ్‌సైడ్ నియమం మారింది. అంతకుముందు, బంతి అందుకునే ఆటగాడికీ గోల్‌ లైనుకూ మధ్య ఎదుటి జట్టువాళ్లు ముగ్గురు ఉండాలి. ఇద్దరుంటే చాలని మార్చారు. దాంతో అవే 462 ఫస్ట్ డివిజన్ మ్యాచ్‌లలో గోల్స్ ఒక్క సీజన్‌లో 1,192 నుంచి 1,703కు ఎగబాకాయి. మధ్యలో ఆడే సెంటర్ హాఫ్‌ను చాప్‌మన్ వెనక్కి లాగి, డిఫెన్స్‌లో మూడోవాడిగా నిలబెట్టాడు. మారిన నియమానికి తగ్గట్టు జట్టు మొత్తాన్నీ తిరిగి అమర్చాడు.

అంత బలమైన జట్టు అదే 1930–31లో, ఇంగ్లండ్ నాకౌట్ పోటీ అయిన ఎఫ్ఏ కప్పులో నాలుగో రౌండ్లోనే చెల్సీ చేతిలో 1–2తో ఓడి వెళ్లిపోయింది. కప్పు గెలిచిందెవరంటే, అప్పటికి రెండో డివిజన్‌లో ఉన్న వెస్ట్ బ్రామ్‌విచ్ ఆల్బియన్. కప్పుకున్న అందం అదే. లీగ్‌కున్న విలువ ఏమిటో తెలిసేదీ అక్కడే.

1934లో మారిందేమిటి?

మహమ్మడన్ స్పోర్టింగ్ 1891లో పుట్టిన క్లబ్బు. చాలాకాలం కింది డివిజన్‌లలోనే ఆడింది. 1934లో ఫస్ట్ డివిజన్‌లోకి అడుగుపెట్టింది. అడుగుపెట్టిన మొదటి ఏడాదే ఛాంపియన్ అయింది. దీని వెనక రెండు మార్పులున్నాయి.

మొదటిది బూట్లు. కలకత్తా లీగ్ వానాకాలంలో జరుగుతుంది. అక్కడ జూన్, జులై రెండు నెలల్లో కురిసే వాన, మన మదనపల్లె వైపు ఏడాది పొడవునా కురిసే వానకు దగ్గరదగ్గరగా ఉంటుంది. పొడి నేల మీద ఉత్తకాళ్లతో ఆడే భారతీయ ఆటగాడికి పట్టు, వేగం, బంతి మీద అదుపు అన్నీ ఉండేవి. వాన పడి గ్రౌండు బురదైతే పాదం జారేది. బూట్లు వేసుకున్న రెజిమెంటు జట్లకు ఆ బురదే వరమయ్యేది. అంటే ఏటా సీజన్ రెండో సగంలో భారతీయ జట్లు వెనకబడేవి. కప్పులో ఆ రోజు ఎండ కాస్తే సరిపోతుంది. లీగ్‌లో ప్రతి వాననూ దాటాలి. మహమ్మడన్ స్పోర్టింగ్ తన ఆటగాళ్లకు తడి నేల మీద బూట్లతో ఆడటం నేర్పించింది. ఎండలో నెగ్గిన ఆటను వానలోనూ నెగ్గించింది.

రెండోది ఆటగాళ్ల ఎంపిక. అప్పటిదాకా క్లబ్బులు ఎక్కువగా తమ ఊరి చుట్టుపక్కలవాళ్లతోనే నడిచేవి. మహమ్మడన్ స్పోర్టింగ్ దేశం నలుమూలలా వెతికింది. బెంగళూరు లాంటి దూరప్రాంతాల నుంచి కుర్రాళ్లను కలకత్తాకు తీసుకెళ్లింది. పేరు ఒక మతానిదైనా, రెజిమెంట్లను ఓడించిన ప్రతిసారీ ఆ గెలుపు భారతీయుల గెలుపుగానే వినిపించింది.

ఆ జట్టులోనివాడే మహమ్మద్ సలీం. 1936లో స్కాట్లండ్ వెళ్లి గ్లాస్గోలోని సెల్టిక్ క్లబ్బుకు రెండు మ్యాచ్‌లు ఆడాడు. బూట్లు వేసుకోకుండా, పాదాలకు పట్టీలు చుట్టుకుని దిగాడు. హామిల్టన్ మీద సెల్టిక్ 5–1తో, గాల్‌స్టన్ మీద 7–1తో గెలిచింది. అక్కడే ఉండమని అడిగినా ఉండలేక ఇంటికి తిరిగొచ్చాడు. యూరప్ క్లబ్బుకు ఆడిన తొలి భారతీయుడిగా చరిత్రలో అతని పేరు నిలిచింది.

అంకెల్లో ఆ కాలం

- 23: మోహన్ బగాన్ షీల్డ్ గెలుపుకూ (1911), భారతీయ క్లబ్బు తొలి లీగ్ టైటిల్‌కూ (1934) మధ్య గడిచిన ఏళ్లు.
- 28: అదే మోహన్ బగాన్ తన మొదటి లీగ్ టైటిల్ (1939) కోసం షీల్డ్ తర్వాత ఎదురుచూసిన ఏళ్లు.
- 5: మహమ్మడన్ స్పోర్టింగ్ వరుస టైటిళ్లు (1934, 1935, 1936, 1937, 1938).
- 7: 1934 నుంచి 1941 దాకా ఎనిమిది సీజన్లలో ఆ క్లబ్బు గెలిచినవి. 1940, 1941 టైటిళ్లు కూడా దానివే.
- 2: 1936లో ఒకే ఏడాది గెలిచిన పెద్ద ట్రోఫీలు. లీగ్‌తో పాటు ఐఎఫ్ఏ షీల్డ్.
- 3: అదే దశాబ్దంలో ఆర్సెనల్ వరుసగా గెలిచిన ఇంగ్లండ్ లీగ్‌లు (1933, 1934, 1935).
- 5: ఇటలీలో యువెంటస్ వరుసగా గెలిచిన లీగ్‌లు (1931 నుంచి 1935 దాకా).

ఐదేళ్లు వరుసగా గెలవడం ఎంత కష్టమో ఇంకో లెక్క చెబుతుంది. ఏటా టైటిల్ గెలిచే అవకాశం సగానికి సగం ఉన్న జట్టు ఉందనుకుందాం. అంతటి అవకాశం ఏ జట్టుకూ మామూలుగా ఉండదు. అలాంటి జట్టు కూడా వరుసగా ఐదు గెలిచే అవకాశం 32లో ఒకటి. అంటే సుమారు 3 శాతం. కలకత్తాలో జరిగింది అదృష్టం కాదని చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

1937: బెంగళూరు దెబ్బ

బొంబాయిలో రోవర్స్ కప్పు 1891లో మొదలైంది. దాని మీద కూడా దశాబ్దాల పాటు రెజిమెంట్లదే పెత్తనం. 1923లో మోహన్ బగాన్ ఫైనల్ దాకా వచ్చి డర్హమ్ లైట్ ఇన్‌ఫాంట్రీ చేతిలో 1–4తో ఓడింది.

1937 ఫైనల్లో రెండువైపులా భారతీయ జట్లే. ఒకవైపు నాలుగోసారి కలకత్తా లీగ్ గెలిచిన మహమ్మడన్ స్పోర్టింగ్, ఇంకోవైపు బెంగళూరు ముస్లిమ్స్. బెంగళూరు జట్టు 1–0తో గెలిచింది. రోవర్స్ కప్పు గెలిచిన తొలి భారతీయ జట్టు అదే.

ఇది ఒక్క రోజు మెరుపేనా? తర్వాతి ఏళ్లు చూద్దాం. 1938లో అదే జట్టు ఆర్గైల్ అండ్ సదర్లండ్ హైలాండర్స్‌ను 3–2తో ఓడించి కప్పు నిలబెట్టుకుంది. 1940లో మళ్లీ ఫైనల్‌కు వచ్చి ఈసారి మహమ్మడన్ స్పోర్టింగ్‌కు 0–1తో తలవంచింది. నాలుగేళ్లలో మూడు ఫైనళ్లు, రెండు కప్పులు. ఆ జట్టు వెనక ఒక ఊరి ఆట ఉంది. కంటోన్మెంట్‌లో రెజిమెంట్లతో ఏళ్ల తరబడి తలపడి రాటుదేలిన మైదానాలున్నాయి. ఆ మైదానాల ఫలితం తర్వాత కూడా కనిపించింది. రాష్ట్రాల జట్లు పోటీపడే సంతోష్ ట్రోఫీని మైసూరు జట్టు 1946–47లో, మళ్లీ 1952–53లో గెలిచింది. 1948 లండన్ ఒలింపిక్స్‌లో ఫ్రాన్స్ మీద భారత్ కొట్టిన ఒకే ఒక్క గోల్ బెంగళూరుకు చెందిన సారంగపాణి రామన్‌ది.

ఆ రోజుల్లో మన ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలోని చిత్తూరు జిల్లా. బెంగళూరు మైసూరు సంస్థానం వైపుది. హైదరాబాద్ నిజాం ఏలుబడి. తెలుగువాళ్లు ఇలా మూడు ఏలుబడుల కింద చెదిరి ఉన్న కాలంలో తెలుగు నేల మీద పెద్ద ఫుట్‌బాల్ జట్టు తయారైంది హైదరాబాద్‌లో.

హైదరాబాద్ చెప్పిన ఐదు

1939లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు ఏర్పడింది. దాని తొలి పెద్ద గెలుపు కూడా బెంగళూరులోనే. 1943లో అక్కడ యాష్ గోల్డ్ కప్ సాధించింది. 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. కలకత్తాలో మహమ్మడన్ స్పోర్టింగ్ లీగ్‌లో సాధించిన ఐదుకు ఇది నాకౌట్‌లో జవాబు.

నాకౌట్‌లో అదృష్టం వాటా ఎక్కువని పైన చూశాం. అలాంటిచోట వరుసగా ఐదు గెలవాలంటే జట్టు ఎంత తయారై ఉండాలి! ఆ తయారీ వెనక ఉన్నది సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో పుట్టిన ఆయన వృత్తిరీత్యా బడిపంతులు. పిల్లలకు పాఠం చెప్పినట్టే ఆటగాళ్లకు బంతిని ముందు అదుపులోకి తీసుకోవడం, చిన్న పాసులు, ఖాళీ జాగా చూసుకోవడం ఓపిగ్గా నేర్పించారు. ఆయన శిక్షణలో భారత జట్టు 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల స్వర్ణం గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాను 4–2తో ఓడించి నాలుగో స్థానంలో నిలిచింది. 1962లో జకార్తాలో దక్షిణ కొరియాను 2–1తో ఓడించి మళ్లీ స్వర్ణం తెచ్చింది. మరుసటి ఏడాది జూన్‌లో రహీం కన్నుమూశారు.

కలకత్తాలో బూట్లు, దూరాల నుంచి వచ్చిన ఆటగాళ్లు. లండన్‌లో చాప్‌మన్ అమరిక. హైదరాబాద్‌లో ఒక పంతులు నేర్పిన పాఠం. మూడుచోట్లా కారణం ఒకటే: రోజువారీ పని. దాని ఫలితమే వరుస టైటిళ్లుగా బయటపడింది.

మన కాలపు పట్టిక

కప్పుకూ లీగ్‌కూ ఉన్న తేడా ఈ మధ్య కూడా మన కళ్ల ముందే కనిపించింది. 2021–22 ఇండియన్ సూపర్ లీగ్‌లో 20 మ్యాచ్‌ల తర్వాత జంషెడ్‌పూర్ ఎఫ్‌సీకి 43 పాయింట్లు, హైదరాబాద్ ఎఫ్‌సీకి 38. లీగ్ షీల్డ్ జంషెడ్‌పూర్‌కు వెళ్లింది. ఆ తర్వాతి నాకౌట్ దశలో, 2022 మార్చి 20న జరిగిన ఫైనల్లో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో 3–1తో ఓడించి హైదరాబాద్ కప్పు అందుకుంది.

విశాఖపట్నం పేరుతో మొదలై హైదరాబాద్‌లో ఆడిన శ్రీనిధి డెక్కన్ క్లబ్బు ఐ–లీగ్‌లో 2021–22లో మూడో స్థానం, 2022–23లో రెండు, 2023–24లో మళ్లీ రెండు. ఆ చివరి ఏడాది మొదటి స్థానం ఎవరిదో తెలుసా? మహమ్మడన్ స్పోర్టింగ్‌దే. తొలి కలకత్తా టైటిల్ గెలిచిన 90 ఏళ్లకు, 24 మ్యాచ్‌ల లీగ్‌లో తెలుగు క్లబ్బును వెనక్కి నెట్టి అది జాతీయ స్థాయి ఐ–లీగ్ ఛాంపియన్ అయింది.

మన మండలాల్లో ఏం చేయొచ్చు?

మన ఊళ్లలో ఏ ఆటకైనా పండగ రోజుల్లో టోర్నమెంటు పెట్టడం అలవాటు. ఒకటి రెండు రోజుల్లో అయిపోతుంది. షీల్డు, ఫొటో, సన్మానం. మంచిదే. కానీ పైన వేసిన లెక్క మళ్లీ చూడండి. ఎనిమిది జట్లు వస్తే సగం జట్ల పిల్లలు ఒక్క మ్యాచ్ ఆడి బస్సెక్కుతారు. ఒక్క మ్యాచ్‌తో ఏ పిల్లవాడూ ఆట నేర్చుకోలేడు.

దీనికి పెద్ద ఖర్చు లేని దారి ఉంది. నిమ్మనపల్లె, మదనపల్లె, కురబలకోట, వాయల్పాడు ఒక గ్రూపు. పుంగనూరు, పలమనేరు, వి.కోట, కుప్పం ఇంకో గ్రూపు. దూరాలు ఎక్కువ కాకుండా ఇలా విడదీస్తే, ప్రతి గ్రూపులో నాలుగు జట్లు ఒకదానితో ఒకటి రెండేసిసార్లు ఆడతాయి. ఒకసారి సొంత ఊళ్లో, ఒకసారి ఎదుటివాళ్ల ఊళ్లో. ఒక్కో గ్రూపుకు 12 మ్యాచ్‌లు, రెండింటికీ కలిపి 24. ఆపై గ్రూపు విజేతల మధ్య ఒక ఫైనల్. మొత్తం 25 మ్యాచ్‌లు. వారానికి ఒకటి చొప్పున ఆరు ఆదివారాల్లో గ్రూపు మ్యాచ్‌లు పూర్తవుతాయి, ఏడో ఆదివారం ఫైనల్. ఆఖరి స్థానంలో ఉన్న జట్టుకు కూడా 6 మ్యాచ్‌లు దక్కుతాయి.

ఇంకొక్క పని చేయాలి: ప్రతి ఫలితం రాసి పెట్టాలి. ఏ తేదీన, ఎక్కడ, ఎవరు ఎవరి మీద, ఎన్ని గోల్స్. 1930–31 ఆర్సెనల్ గురించి ఇవాళ ఇంత ఖచ్చితంగా మాట్లాడుకోగలుగుతున్నామంటే, ఎవరో ప్రతి మ్యాచ్ తర్వాతా ఆ పట్టిక రాశారు కాబట్టే. మన ఊళ్ల ఆటకు అలాంటి పుస్తకం ఒక్కటి మొదలైతే, రేపు ఏ క్లబ్బువాళ్లు ఆటగాడి కోసం వచ్చినా చూపించడానికి మన దగ్గర అంకెలుంటాయి.

మండలాల్లోని వ్యాయామ ఉపాధ్యాయులకు, యువజన సంఘాలకు, టోర్నమెంట్లకు షీల్డులిచ్చే దాతలకు ఒక మనవి. వచ్చే టోర్నమెంటుకు పెట్టే డబ్బుతో ఈసారి లీగ్ పెట్టండి. ఎనిమిది జట్లు, ఏడు ఆదివారాలు, ఒక నోటుపుస్తకం చాలు.